వాడుక భాషకు గొడుగు – గిడుగు రామమూర్తి పంతులు

చదవడం వేరు, చదివినదానిని గ్రహించడం వేరు. అక్షరాలను తప్పులేకుండా పలికి, పద్యాన్ని కంఠస్థం చేసి, ప్రతిపదార్థాన్ని తడుముకోకుండా అప్పజెప్పిన విద్యార్థికి ఆ పాఠంలోని భావం నిజంగా అందిందని చెప్పలేం. ఒక శతాబ్దం కిందట తెలుగునాట బడులలో ఈ రెండింటికీ మధ్య పెద్ద అగాధం ఉండేది. దానికి కారణం విద్యార్థుల మందబుద్ధి కాదని, వారి చేతికిచ్చిన పుస్తకాల భాష అని గుర్తించి, మూడు దశాబ్దాలకు పైగా దానిపై పోరాడిన ఉపాధ్యాయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. నాడు గంజాం జిల్లాలో ఉన్న ఆ ప్రాంతం నేడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రిది రెవెన్యూ శాఖలో చిరుద్యోగం. ఆయన చోడవరానికి బదిలీ అయిన తరువాత విషజ్వరంతో కన్నుమూశారు. అప్పటికి రామమూర్తిగారికి పన్నెండేళ్ళు. బంధువుల అండతో ఆయన విజయనగరంలోని మహారాజావారి పాఠశాలలో చదువు కొనసాగించారు. తరువాతి కాలంలో మహాకవిగా పేరొందిన గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. బడిలో కలిసిన ఆ స్నేహం ఉద్యమంలోనూ నిలిచింది.

1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, మరుసటి సంవత్సరం రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర ఉపాధ్యాయులుగా చేరారు. నెలకు ముప్పై రూపాయల జీతం. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పట్టం పొందారు. చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడికి ఆధారాలు స్వయంగా చూడాలన్న పట్టుదల ఉండాలి. ఆ పట్టుదలతోనే ఆయన ముఖలింగ దేవాలయంలోని శాసనాలను చదవడానికి పాత లిపులను ఎవరి సహాయమూ లేకుండా నేర్చుకున్నారు. రాతిమీది అక్షరాలను విడదీసి చదివే ఈ అభ్యాసం ఆయనకు ఒక సత్యాన్ని బోధించింది. భాష ఒకచోట నిలిచి ఉండేది కాదు. తరం మారే కొద్దీ ఉచ్చారణ, పదరూపాలు, వాక్యనిర్మాణం మారుతూనే ఉంటాయి.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో దానికి బంధుత్వం లేదు. ఆ భాషకు నాడు లిపి లేదు, పుస్తకం లేదు. మైదాన ప్రాంతాల వ్యాపారులతోనూ, ఉద్యోగులతోనూ మాట్లాడవలసి వచ్చినప్పుడు సవరలు ఇతరుల భాషపై ఆధారపడక తప్పేది కాదు. ఈ స్థితిని చూసిన రామమూర్తిగారు సవరభాష నేర్చుకోవాలని సంకల్పించారు. రెండు భాషలూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటిలోనే ఉంచుకొని, మాట మాటా విని, రాసుకొని, పలికి, సరిదిద్దించుకొని ఆ భాషను పట్టుబట్టారు. ఆపైన సవర పిల్లలకోసం వారి భాషలోనే వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు సిద్ధం చేశారు. సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలను అచ్చువేసి పారితోషికం ఇవ్వజూపినప్పుడు, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడిని నడపమని కోరి ఆయన దానిని స్వీకరించలేదు.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. కొండలలో తిరిగి మన్యపు జ్వరం తెచ్చుకున్నారు. దానికి చాలాకాలం క్వినైన్ వాడవలసి వచ్చి, వినికిడి శక్తిని చాలావరకు కోల్పోయారు. పరుల నోటి మాటను చెవులారా విని ఒక భాషను నేర్చుకున్న మనిషికి ఇంతకంటె కఠినమైన నష్టం మరొకటి ఉండదు. అయినా ఆయన పని ఆపలేదు. సవరభాషపై ఆయన ఆంగ్లంలో రచించిన వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. తరువాత సవర నిఘంటువులు కూడా వచ్చాయి.

సవర బాలుడికి తన ఇంటి భాషలో పాఠం చెప్పినప్పుడు అతడు త్వరగా గ్రహిస్తాడు. మరి తెలుగు బాలుడి సంగతి ఏమిటి? అతడు తెలుగు ఇంటిలోనే పుట్టాడు. తెలుగు బడికే వెళ్ళాడు. చేతిలో ఉన్నదీ తెలుగు పుస్తకమే. అయినా అందులోని భాష అతడికి పరాయిదిగానే ఉండేది. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణాన్ని ప్రకటించారు. రెండూ గొప్ప గ్రంథాలే. ప్రాచీన కావ్యాలలోని భాషకు బాలవ్యాకరణం చక్కని నియమాలు కూర్చింది. అయితే ఆ నియమాలే తరువాతి కాలంలో పాఠ్యపుస్తకాలలోని వచనానికీ, విద్యార్థుల వ్యాసాలకూ కొలబద్దలయ్యాయి. నోటితో వస్తున్నాడు అనే విద్యార్థి కాగితంమీద వచ్చుచున్నాఁడు అని రాయాలి. చేశాను అనేది చేసితిని కావాలి. గుర్రం గుఱ్ఱము కావాలి. అరసున్న ఎక్కడ పెట్టాలో, బండి ఱ ఎక్కడ రావాలో చెవికి తెలియదు, కంఠస్థం చేయవలసిందే. దీనినే గ్రాంథిక భాష అన్నారు. పాఠంలోని విషయాన్ని తెలుసుకోవడానికి ముందే విద్యార్థి మాటలను విడదీసి, తనకు తెలిసిన తెలుగులోకి మార్చుకోవలసి వచ్చేది. ఉపాధ్యాయుడి సమయమంతా అర్థాలు చెప్పడంతోనే సరిపోయేది. విషయం వెనుకబడిపోయేది.

1907లో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చారు. తెలుగు నేర్చుకుంటున్న ఆయనకు, ప్రజలు మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరం ఎందుకున్నదో అర్థం కాలేదు. విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గురజాడ, గిడుగుల పేర్లు చెప్పారు. ఈ నలుగురి ఆలోచనల నుంచి బోధన భాషను సంస్కరించాలన్న ప్రయత్నం మొదలైంది. రామమూర్తిగారు అప్పటికే ఆంగ్ల భాషాశాస్త్ర గ్రంథాలు చదివి ఉన్నారు. ఇతర దేశాలలో బాలురకు వాడుకలో ఉన్న భాషలోనే చదువు చెపుతున్నారని ఆయన ఎరుగుదురు. 1911లో ఉద్యోగ విరమణ చేసిన నాటినుంచి ఆయనకు ఇదే పూర్తికాలపు పని అయింది.

ఉద్యమానికి తొలి ఫలితం త్వరలోనే కనిపించింది. 1912లో స్కూలు ఫైనల్ పరీక్షలో విద్యార్థులు వ్యాసాన్ని కావ్యభాషలోగాని, ఆధునిక భాషలోగాని రాయవచ్చునని అనుమతి లభించింది. దీనితో పండిత లోకం కలవరపడింది. జయంతి రామయ్య పంతులు వంటి విద్వాంసులు గట్టిగా వ్యతిరేకించారు. 1911లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వారికి వేదిక అయింది. వారి భయాలు తేలికగా తీసివేయదగినవి కావు. ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క విధంగా మాట్లాడే తెలుగువారందరినీ కలిపి ఉంచేది గ్రాంథికమేనని వారు భావించారు. వాడుక భాషకు తలుపులు తెరిస్తే రేపటి తరం నన్నయ, తిక్కనలను చదవలేక పోతుందని ఆందోళన చెందారు. వారి ఒత్తిడి ముందు ఆ సడలింపు నిలవలేదు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో గురజాడ తన అసమ్మతిని విపులమైన పత్రంగా సమర్పించారు. 1915లో ఆయన మరణించారు. యాభై రెండేళ్ళ వయసులో, చెవులు సరిగా వినిపించని స్థితిలో, ఉద్యమ భారం ప్రధానంగా రామమూర్తిగారిపై పడింది.

ఆయన వాదించిన తీరు గమనింపదగినది. ప్రతి పల్లెలోని ప్రతి మాటనూ యథాతథంగా పుస్తకాలకు ఎక్కించాలని ఆయన కోరలేదు. చదువుకున్నవారు సభలలో, ఇళ్ళలో మాట్లాడుకొనే శిష్ట వ్యావహారికం అన్ని ప్రాంతాలవారికీ అర్థమవుతుందని, అదే రచనకు తగినదని చెప్పారు. ప్రాచీన కావ్యాలను విడిచిపెట్టమనీ అనలేదు. వాటిని చదివి ఆనందించాలి. కాని సొంత ఆలోచనను సొంత భాషలో రాయాలి అన్నది ఆయన మతం. గ్రాంథికవాదులు ప్రాచీన గ్రంథాలను ఆధారంగా చూపితే, ఆయన ఆ గ్రంథాలనే తిరిగి పరిశీలించారు. పూర్వుల వచన రచనలను సేకరించి, అందులో వాడుక రూపాలు ఎన్ని ఉన్నాయో గద్యచింతామణిలో నిరూపించారు. గ్రాంథికంలో రాస్తున్నామనుకొనే పండితుల రచనలను వారు నమ్మిన వ్యాకరణంతోనే పరీక్షించి, వారికే ఆ భాష పట్టుబడలేదని ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజంలో చూపించారు. జీవితమంతా సాధన చేసిన పండితులే పొరబడే భాషలో బడిపిల్లలు తమ భావాలను ఎలా చెప్పగలరన్నది ఆ గ్రంథం వెనుక ఉన్న ప్రశ్న.

గ్రాంథికంలో ఎంతో కృషి చేసిన కందుకూరి వీరేశలింగం పంతులు తన చివరి దశలో వాడుక భాషను సమర్థించారు. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు ఆయన అధ్యక్షులు కాగా, రామమూర్తిగారు కార్యదర్శి అయ్యారు. ఆ సంవత్సరమే మే నెలలో వీరేశలింగంగారు దివంగతులయ్యారు. రామమూర్తిగారు తెలుగు అనే మాసపత్రికను స్థాపించి ఒక సంవత్సరంపాటు నడిపారు. ఊరూరా తిరిగి, పుస్తకాల మూటలు వెంట తీసుకువెళ్ళి, సభలలో ఆధారాలు తెరిచి చూపుతూ ప్రసంగించారు. 1924లో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాషపై ఉన్న నిషేధాన్ని తొలగించుకొంది. తాపీ ధర్మారావు వంటి ఆయన శిష్యులు పత్రికలలో వాడుక భాషకు చోటు కల్పించారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదంతో గౌరవించింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. ఐదున్నర దశాబ్దాలు నివసించిన ఊరిని విడిచి రామమూర్తిగారు రాజమహేంద్రవరం వచ్చారు. తెలుగు కోసం పాటుపడిన ఆ వృద్ధుడికి తెలుగు రాజభాష కాని చోట ఉండడం ఇష్టం లేకపోయింది. సాహిత్యంలో వాడుక భాష నిలదొక్కుకొన్నా, పాఠ్యపుస్తకాలలోకీ, విద్యాలయాలలోకీ పూర్తిగా ప్రవేశించలేదన్న వెలితి ఆయనను చివరివరకు వెంటాడింది. 1940 జనవరిలో మద్రాసులో పత్రికా సంపాదకులను కలిసి, వాడుక భాషను ఆదరించమని విన్నవించారు. అది ఆయన చివరి విజ్ఞప్తి. కొద్ది రోజులకే, జనవరి 22న, ఆయన తుదిశ్వాస విడిచారు.

ఆయన కోరిన మార్పు ఆయన కళ్ళముందు జరగలేదు. తరువాతి దశాబ్దాలలో వార్తాపత్రికలు, పాఠ్యపుస్తకాలు, పరీక్ష పత్రాలు, విశ్వవిద్యాలయ పరిశోధన గ్రంథాలు ఒకటొకటిగా వాడుక భాషలోకి వచ్చాయి. ఆయన జన్మదినమైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. నేటి విద్యార్థి ఒక పాఠాన్ని చదివి, దానిని తన సొంత మాటలలో రాయగలుగుతున్నాడంటే, ఆ సౌకర్యం వెనుక ఒక చరిత్రోపాధ్యాయుడి సుదీర్ఘ శ్రమ ఉంది. అయితే భాష సులభమైనంత మాత్రాన గ్రహింపు దానంతట అది రాదు. వాక్యం వెంట మనసు నడవాలి; చదివినది నిజమా అని ఆలోచించాలి; ఆధారం వెదకాలి. శాసనాలను, సవరల పలుకులను, పండితుల గ్రంథాలను రామమూర్తిగారు చదివిన పద్ధతి అదే.

అవగాహన ప్రశ్నలు

1. చదవడానికీ, గ్రహించడానికీ మధ్య ఉన్న తేడాను పాఠం ఆధారంగా వివరించండి.
2. శాసనాల పఠనం, సవరభాషా కృషి రామమూర్తిగారి భాషా దృక్పథానికి ఎలా తోడ్పడ్డాయి?
3. గ్రాంథికవాదుల భయాలు ఏవి? వాటికి రామమూర్తిగారి సమాధానం ఏమిటి?
4. మీకు నచ్చిన ఒక పేరాను మళ్ళీ చదివి, పుస్తకం మూసి, దాని సారాంశాన్ని మీ సొంత మాటలలో ఐదు వాక్యాలలో రాయండి.