గ్రంథప్రియుడైన మంత్రి నవోయె కనెత్సుగు

జపాను దేశమున ఎచిగో సీమలో 1560వ సంవత్సరమున హిగుచి అను యోధకుటుంబమునందు కనెత్సుగు జన్మించెను. బాల్యముననే ఉయెసుగి వంశజుడగు కగెకత్సు కొలువున జేరెను. 1578లో ఆ వంశమున మహావీరుడగు కెన్‌షిన్ గతింపగా దత్తపుత్రు లిరువురు గద్దెకై పోరాడిరి, కగెకత్సు గెలిచెను. 1581లో నవోయె వంశపు పెద్ద హతుడు కాగా, ప్రభువాజ్ఞచే కనెత్సుగు ఆతని భార్యను వివాహమాడి యా యింటిపేరు దాల్చెను. పిమ్మట మంత్రిత్వ మాతనిదయ్యెను.

1598లో జపానును ఏకచ్ఛత్రముగా నేలుచున్న హిదెయోషి ఉయెసుగివారిని ఐజు సీమకు మార్చి, 12 లక్షల కొకుల ఆదాయము గల భూమి నొసగెను. కొకు అనగా సుమారు 180 లీటర్ల ధాన్యపు కొలత. ఒక మనిషికి ఏడాది గ్రాసము. అందు యొనెజావా కోట కనెత్సుగు పాలయ్యెను. మంత్రియే సామంతుడు కూడ నయ్యెను.

ఆ యేడే హిదెయోషి మరణించెను. పిమ్మట ప్రబలుడైన టోకుగావా ఇయెయాసు 1600లో కగెకత్సును రాజధానికి వచ్చి సంజాయిషీ చెప్పుకొమ్మనగా, కనెత్సుగు ధిక్కారపూర్వకమగు ప్రత్యుత్తరము వ్రాసెనని ప్రసిద్ధి. నేడు లభించు ప్రతులు యథాతథములా యని పండితులు వాదించుచున్నారు. ఏమైనను సెకిగహారా యుద్ధమున ఇయెయాసు గెలిచెను. 1601లో ఉయెసుగివారికి యొనెజావాయు 3 లక్షల కొకులును మాత్రమే మిగిలెను.

ఆదాయము నాలుగవ వంతయ్యెను, తినువారు తగ్గలేదు. ఆయవ్యయముల నెరిగినవారికి ఈ సంకట మెట్టిదో వేరుగ జెప్పనక్కరలేదు. అయినను ప్రభువుగాని మంత్రిగాని కొలువువారిని వెడలగొట్టలేదు. చిన్న యోధులకు ఊరి వెలుపల బీడుభూము లిచ్చి దున్నుకొననిచ్చిరి. కనెత్సుగు నదికి రాతికట్ట గట్టించి పట్టణమును వరదలనుండి కాపాడెను. ఈ యౌదార్యము ఉచితముగ రాలేదు. 1664లో ఆదాయము మరల సగమై, ఆ సంస్థానము తరతరములు ఋణములలో మునిగియుండెను. ఐనను నాడు వేలాది కుటుంబములు వీధిపాలు కాకుండుట సామాన్యమా?

ఇట్టి యిబ్బందులలోను పుస్తకములను విడువలేదు. 1607లో క్యోటోనగరమున 60 ప్రకరణముల ప్రాచీన చీనా సాహిత్యసంకలనమును విడియచ్చులతో ముద్రింపించెను. 1618లో యొనెజావాలో జెన్‌రిన్‌జీ మఠమును స్థాపించి, కొలువువారి బిడ్డలు చదువుకొనుటకై తన గ్రంథముల నచట నుంచెను.

కుమారుడు 1615లోనే చనిపోయెను. 1620 జనవరిలో ఎడో నగరమున కనెత్సుగు మరణించుటతో నవోయె వంశ మంతరించెను. ఆతని యొద్ద నుండిన సుంగ్ రాజులకాలపు చీనా చరిత్రగ్రంథములు మూడు, నేడు సకురా పట్టణమందలి జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో జాతీయనిధులుగ నున్నవి.