అంగారకుడికి బాట వేసిన ఆచార్యుడు సతీష్ ధవన్

బిలాస్‌పూర్: రైళ్ల మధ్య పెరిగిన ఊరికి సిగ్నల్ విలువ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నేడు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఇక్కడ బండిలో లోపం కనిపిస్తే లోకో పైలట్ దానిని నిలుపుతారు. కంట్రోల్ గది నుంచి ఆదేశం క్షణాల్లో అందుతుంది. అంగారకుడి వద్దకు పంపిన యంత్రానికి ఆ వెసులుబాటు ఉండదు. 2014 సెప్టెంబరు 24న మంగళ్‌యాన్ ఆ గ్రహాన్ని సమీపించినప్పుడు భూమికి దాదాపు 22 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి సంకేతం రావడానికి 12 నిమిషాలకు పైగా పట్టింది. పొరపాటు జరిగినట్లు తెలిసేలోపే అంతా ముగిసిపోయే పరిస్థితి అది. కనుక అటువంటి యాత్రల జయాపజయాలు చాలావరకు నేల మీదనే, ప్రయోగానికి ఎంతో ముందుగానే నిర్ణయమవుతాయి.

ఆ ముందుచూపును, తప్పును దాచక వెతికి సరిదిద్దుకునే పద్ధతిని భారత అంతరిక్ష సంస్థకు అలవరచిన వారిలో అగ్రగణ్యుడు ఆచార్య సతీష్ ధవన్. శ్రీహరికోట ప్రయోగ కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. అయితే తన జీవితకాలంలో భారతదేశం మరో గ్రహానికి వ్యోమనౌకను పంపడం ఆయన చూడలేదు.

ధవన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. కళాశాల చదువు లాహోర్‌లో సాగింది. గణితం, భౌతికశాస్త్రాలతో బీఏ, ఆంగ్ల సాహిత్యంలో ఎంఏ, ఆపైన మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా పొందారు. బెంగళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారంలో కొంతకాలం పనిచేసి అమెరికా వెళ్లారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎంఎస్ పూర్తిచేసి, కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హాన్స్ లీప్‌మన్ పర్యవేక్షణలో 1951లో పీహెచ్‌డీ అందుకున్నారు.

అదే ఏడాది స్వదేశానికి తిరిగివచ్చి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. ధ్వనిని మించిన వేగంతో వీచే గాలిలో వస్తువులు ఎలా ప్రవర్తిస్తాయో పరీక్షించే విండ్ టన్నెల్‌ను అక్కడ నెలకొల్పారు. ఈ తరహా పరికరం దేశంలో అదే మొదటిది. విదేశీ యంత్రాల కోసం ఎదురుచూడకుండా చేతికందిన సామగ్రితో ప్రయోగశాల నిర్మించుకోవడం ఆయన విద్యార్థులకు నేర్పిన తొలి పాఠం. ప్రముఖ వాయుగతి శాస్త్రవేత్త రొద్దం నరసింహ ఆ శిష్యులలో ఒకరు. 1962లో ధవన్ ఆ సంస్థకు డైరెక్టర్ అయ్యారు. 1981 వరకు ఆ బాధ్యతలో కొనసాగారు.

1971 డిసెంబరు 30న అంతరిక్ష కార్యక్రమ పితామహుడు విక్రమ్ సారాభాయ్ ఆకస్మికంగా మరణించారు. అప్పుడు ధవన్ సెలవుపై అమెరికాలో ఉన్నారు. ఆ బాధ్యత స్వీకరించవలసిందిగా ప్రధాని ఇందిరా గాంధీ కోరారు. ఆయన రెండు షరతులు పెట్టారు. విజ్ఞాన సంస్థ డైరెక్టర్ పదవిని విడిచిపెట్టబోనని, అంతరిక్ష కార్యక్రమానికి ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉండాలని తెలియజేశారు. ఆమె రెండింటికీ అంగీకరించారు. 1972లో ఆయన ఇస్రో అధ్యక్షుడిగా, అంతరిక్ష కమిషన్ అధ్యక్షుడిగా బాధ్యతలు చేపట్టారు.

చంద్రుడి వద్దకో ఇతర గ్రహాల వద్దకో వెళ్లడంలో సంపన్న దేశాలతో పోటీ పడటం మన లక్ష్యం కాదని సారాభాయ్ ముందే స్పష్టం చేశారు. ధవన్ అదే దారిలో నడిచారు. పంటలు, నీటి వనరులు, అడవుల సమాచారం ఇచ్చే ఉపగ్రహాలు, మారుమూల గ్రామానికి వార్త చేరవేసే ఉపగ్రహాలే ఆయన ప్రాథమ్యం. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్ట సోవియట్ రాకెట్‌పై కక్ష్యకు చేరింది. మరుసటి ఏడాదికల్లా ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం వేలాది గ్రామాలకు పాఠాలు, వ్యవసాయ కార్యక్రమాలు అందించింది.

సొంత రాకెట్ విషయంలో మాత్రం పరీక్ష కఠినంగా ఎదురైంది. నాలుగు దశల ఎస్‌ఎల్‌వీ-3కి ఏపీజే అబ్దుల్ కలాం ప్రాజెక్టు డైరెక్టర్. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన తొలి రాకెట్ దాదాపు 5 నిమిషాలకే బంగాళాఖాతంలో కూలిపోయింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆక్సీకరణి ద్రవం లీకవడమే కారణమని తేలింది. ప్రయోగానికి ముందు కంప్యూటర్ హెచ్చరించినా ముందుకు సాగాలన్న నిర్ణయం తనదేనని కలాం తరువాత చెప్పుకున్నారు. ఆ రోజు విలేకరుల ముందుకు వెళ్లింది మాత్రం ధవన్. వైఫల్యానికి బాధ్యత సంస్థదేనని అంగీకరించి, తన బృందంపై నమ్మకం ప్రకటించారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని అదే రాకెట్ కక్ష్యలో నిలిపినప్పుడు విలేకరులతో మాట్లాడే అవకాశాన్ని కలాంకే అప్పగించారు. నాయకత్వమంటే ఏమిటో ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నానని కలాం పలు వేదికలపై వివరించారు.

ఇది ఒక అధికారి మంచితనానికి సంబంధించిన కథ మాత్రమే కాదు. శిక్ష భయం ఉన్నచోట లోపాలు మరుగున పడతాయి. లోపం చెప్పినవారికి రక్షణ ఉన్నచోట అవి ప్రయోగానికి ముందే బయటపడతాయి. డిజైన్‌ను రూపొందించిన బృందం కాకుండా ఇతర నిపుణులు దానిని నిశితంగా ప్రశ్నించే సమీక్షా విధానం ధవన్ కాలంలో ఇస్రోలో వేళ్లూనింది.

పోలార్ శాటిలైట్ లాంచ్ వెహికల్‌కు అనుమతి లభించింది కూడా ఆయన హయాంలోనే, 1982లో. భూమిని పరిశీలించే ఉపగ్రహాలను ధ్రువ కక్ష్యలో నిలపడం దాని ఉద్దేశం. 1993 సెప్టెంబరు 20న దాని మొదటి ప్రయోగం విఫలమైంది. 1994 అక్టోబరు 15న రెండోది సఫలమైంది. పొలాల చిత్రాల కోసం పుట్టిన ఆ రాకెట్టే 2008లో చంద్రయాన్-1ను, 2013 నవంబరు 5న మంగళ్‌యాన్‌ను మోసుకెళ్లింది.

మరింత శక్తిమంతమైన జీఎస్‌ఎల్‌వీ 2010లో రెండుసార్లు విఫలం కావడంతో అంగారక యాత్రకు చిన్న రాకెట్టే దిక్కయింది. 1,337 కిలోల నౌకను నేరుగా అంగారకుడి వైపు పంపే బలం దానికి లేదు. అందుకే నౌకను ముందు భూకక్ష్యలో ఉంచి, దాని ఇంజిన్‌ను పలుమార్లు మండించి కక్ష్యను క్రమంగా పెంచారు. నవంబరు 11న ఒక దఫా ఆశించిన వేగం రాలేదు. మరుసటి రోజే అదనపు జ్వలనంతో ఆ లోటు పూడ్చారు. డిసెంబరు 1న నౌక భూమిని వీడింది. దాదాపు 300 రోజులు నిద్రాణంగా ఉన్న ప్రధాన ఇంజిన్ మళ్లీ మండుతుందా అన్నదే చివరి సందేహం. అంగారకుడిని చేరడానికి రెండు రోజుల ముందు 4 సెకన్ల పాటు దానిని పరీక్షించారు. అది మొరాయిస్తే ఎనిమిది చిన్న ఇంజిన్లతో గట్టెక్కే ప్రత్యామ్నాయమూ సిద్ధం చేసుకున్నారు. ఆదేశాలన్నీ ముందే నౌక కంప్యూటర్‌లో నిక్షిప్తమయ్యాయి. నిర్ణీత వేళకు ఇంజిన్ సుమారు 24 నిమిషాలు మండింది. తొలి ప్రయత్నంలోనే నౌక అంగారక కక్ష్యలోకి చేరింది. ఆరు నెలల కోసం రూపొందించిన ఆ నౌక 2022 వరకు పనిచేసింది.

పులికాట్ సరస్సుకు, సముద్రానికి మధ్యనున్న శ్రీహరికోటకు మరో చరిత్ర కూడా ఉంది. ప్రయోగ కేంద్రం కోసం అక్కడి యానాది కుటుంబాలు తరతరాల ఆవాసాలను విడిచిపోవలసి వచ్చింది. దేశ ప్రగతికి వారు చెల్లించిన మూల్యం అది. వారి బాగోగుల గురించి ధవన్ ఆందోళన చెందేవారని ఆయనతో పనిచేసినవారు గుర్తుచేసుకున్నారు. పులికాట్ పక్షులన్నా ఆయనకు ప్రాణం. రెక్కల కదలికను విమాన శాస్త్రవేత్త దృష్టితో పరిశీలించి పక్షుల ఎగురుటపై ఒక గ్రంథం రాశారు.

1981లో ఆయనకు పద్మవిభూషణ్ లభించింది. 1984లో ఇస్రో అధ్యక్ష పదవి నుంచి వైదొలగారు. 2002 జనవరి 3న బెంగళూరులో, 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబరులో శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రమని నామకరణం చేశారు.

మంగళ్‌యాన్ అంగారక కక్ష్యను చేరిన మరునాడు, 2014 సెప్టెంబరు 25, ఆయన 94వ జయంతి.