ఊరూరి కైఫీయతులు – కల్నల్ కాలిన్ మెకంజీ

మన ఆలయాలకు స్థలపురాణం ఒకటి, లిఖిత చరిత్ర ఒకటి. మొదటిది భక్తుల నోట నిలిచింది. రెండవది శిలాశాసనాలలోను, కరణాల ఇండ్లలోని దండకవిలెలలోను దాగి, చెదలకు, వానలకు ఆహుతి అవుతూ వచ్చింది. ఆ రెండవదానిలో కొంతైనా మనకు దక్కిందంటే అందుకు ముఖ్యకారకులు కల్నల్ మెకంజీ.

స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపంలో 1754లో జన్మించిన ఈయన 1783లో మద్రాసు చేరి, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా పనిచేశారు. 1794లో అరణ్యమార్గాన శ్రీశైల క్షేత్రాన్ని దర్శించి, అచటి ప్రాకార శిల్పాలను గూర్చి వ్యాసం వ్రాశారు.

మెకంజీకి దేశభాషలు రావు. ఆ లోటు తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. 1796 ప్రాంతంలో కొలువులో చేరిన ఈ యువకుడు పూర్వలిపులు చదివే దారి చూపారు. ఆయన 1803లో పిన్నవయసులోనే స్వర్గస్థులు కాగా, సోదరుడు లక్ష్మయ్య ఆ భారాన్ని స్వీకరించారు. కీర్తి మెకంజీకి దక్కిందే గాని, ఎండలో ఊరూరా తిరిగినవారు ఈ సోదరులు, వారి వద్ద పనిచేసిన పండితులే.

వారు ఏ గ్రామానికి వెళ్ళినా కరణాన్ని, అర్చకులను, వృద్ధులను అడిగి వ్రాసుకొనేవారు. ఊరు ఎలా వెలసింది, ఆలయాన్ని ఎవరు ప్రతిష్ఠించారు, ధూపదీప నైవేద్యాలకు ఏ ప్రభువు ఎంత మాన్యం ఇచ్చాడు, అది ఎవరి కాలంలో జప్తు అయింది? ఇవే కైఫీయతులు. కంపెనీకి కావలసింది దేశపటం, శిస్తు లెక్క. మెకంజీ మాత్రం అంతటితో ఆగక, స్వంత ధనాన్ని కూడా వెచ్చించి వ్రాతప్రతులు, నాణేలు, శాసనాల నకళ్ళు ప్రోగుచేశారు.

1815లో ఆయన భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యారు. 1821 మే 8న కన్నుమూశారు. ఆయన భార్య వద్దనుండి కంపెనీ ఆ సంచయాన్ని లక్ష రూపాయలకు కొన్నది. అటుపిమ్మట ఆ పనిని కొనసాగించే అవకాశం ఇమ్మని లక్ష్మయ్య అర్థించగా, 1830లలో పెద్దలు నిరాకరించారు. ఒక భారతీయునికి అంతటి సామర్థ్యం లేదన్న ఆ తీర్పు అన్యాయమని చెప్పక తప్పదు. కాగితాలు మద్రాసులో శిథిలమవుతుండగా సి.పి. బ్రౌన్ దొర వాటికి నకళ్ళు వ్రాయించారు.

నేడు ఆ సంపుటాలు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కడప ప్రాంతపు కైఫీయతులను ఆ నగరంలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేయించింది. జీర్ణోద్ధరణ వేళ సున్నపు పూత క్రింద అక్షరాలు బయటపడిన ఆలయాలవారు, రాయిని కదిలించక ముందే దానికి ఛాయాచిత్రం తీయించి, తమ ఊరి కైఫీయతుతో సరిచూచుకోవచ్చును.