రాజా దీన్‌దయాళ్

నేడు ఫోనుపై వ్రేలు తాకించినంతనే బొమ్మ పడుచున్నది. బాగుండనిచో తుడిచివేసి మరియొకటి తీసికొనుచున్నాము. కాని ఒక్క బొమ్మకై బండెడు సామగ్రిని వెంట గొనిపోవలసిన కాలమొకటి ఉండెడిది. ఆ కాలమున పగలెల్ల కొలువు చేయుచు, తీరిక వేళల ఈ విద్యను అభ్యసించి, భారతదేశపు ఛాయాచిత్రకారులలో అగ్రగణ్యుడైన మహనీయుని చరిత్రమిది.

దీన్‌దయాళ్ 1844వ సంవత్సరమున మీరటు సమీపమందలి సర్ధనా పట్టణమున, నగల వర్తకము చేయు జైన కుటుంబమున జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు నగరమున ప్రభుత్వ నిర్మాణశాఖలో ఉద్యోగమున ప్రవేశించెను. కట్టడములకు పటములు గీయుట, ఖర్చుల అంచనాలు వేయుట ఆయన పని. గోడ వంపును, స్తంభము నిడివిని కంటితోనే పసికట్టు నేర్పు ఆయన కీ ఉద్యోగమువలననే అలవడెను.

1874 ప్రాంతమున, ముప్పదేండ్ల వయసులో, ఆయన వినోదార్థము కెమెరా చేపట్టెను. నాటి పద్ధతి మిక్కిలి కఠినమైనది. గాజుపలకపై కొలోడియన్ అను జిగురు ద్రవమును సమముగా పోయవలెను. చీకటిలో దానిని వెండిలవణపు నీటిలో ముంచి, తడి ఆరకమునుపే కెమెరాలో నుంచి బొమ్మ తీయవలెను. వెంటనే చీకటి డేరాలోనికి కొనిపోయి మందులతో కడుగవలెను. మధ్యభారతపు ఎండలలో ఆ తడి ఎంతసేపు నిలుచును? ఏ మెట్టున పొరపడినను పలక వ్యర్థమే. ఇట్టి విద్యను దీన్‌దయాళ్ ఓర్పుతో వశపరచుకొనెను.

ఇందూరు మహారాజు తుకోజీరావు హోల్కరు, ఆంగ్ల ప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించిరి. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండమున పర్యటించి, అచ్చటి ప్రాచీన కట్టడములను చిత్రించెను. ఆ చిత్రములతో 1886లో ఒక గ్రంథము వెలువడెను.

అంతట ఆయన ఒక చిక్కు నెదుర్కొనవలసి వచ్చెను. ఇరువదేండ్ల సర్కారు కొలువు ఒకవైపు; నిలుకడ యెరుగని కళ మరొకవైపు. ఆయన తొందరపడలేదు. తొలుత దీర్ఘమైన సెలవు తీసికొని, తన కళ తన్ను పోషింపగలదని రూఢి చేసికొన్న పిమ్మటనే ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చెను.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, రాజా బిరుదముతో గౌరవించెను. సికిందరాబాదులోను, 1896లో బొంబాయిలోను ఆయన స్టూడియోలు నెలకొల్పెను. ఘోషా పాటించు స్త్రీలకై 1892లో వేరుగా ఒక స్టూడియో తెరచి, దాని నిర్వహణమును ఒక మహిళకే అప్పగించెను. చార్మినారు, గోలకొండ, నవాబుల విందులు, వేటలు మాత్రమే కాదు. నిజాము రాజ్యమున కరవు వచ్చినపుడు జరిగిన సహాయ కార్యములను సైతము ఆయన కెమెరా చూచెను. 1893లో చికాగో ప్రదర్శనమున ఆయన చిత్రములకు బహుమానము లభించెను.

1905లో దీన్‌దయాళ్ పరమపదించెను. ఆయన గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మారకముగా బిళ్ళను విడుదల చేసెను.

విద్యార్థులారా! గాజుపలక ఒక్కటే యున్నవాడు, దానిని వ్యర్థము చేయరాదని, బొమ్మకు ముందు వెలుగును, నీడను, నిలువవలసిన తావును విచారించెను. మనకు పలకల కరవు లేదు. అందువలననే ఆ విచారణ మనకు కరవగుచున్నది. ఈసారి మీ యూరి పాత గుడినో, ఇంటి ముంగిట కూర్చున్న అవ్వనో బొమ్మ తీయునపుడు, మీ చేత నున్నది ఒక్క పలకయే యని తలచి చూడుడు. ఆ కొలది నిమిషముల ఓర్పే దీన్‌దయాళ్ మనకు విడిచిపోయిన పాఠము.