మేరీ రిచ్మండు

బీదవాని గుమ్మములో అడుగు పెట్టకమునుపే వానినిగూర్చి మనస్సులో తీర్పు వ్రాసికొనువారు ఎల్లకాలములలోను గలరు. సహాయముచేయు వారిలో ఈ అలవాటును మాన్పుటకు పాటుపడిన స్త్రీ మేరీ రిచ్మండు.

ఆమె 1861లో అమెరికాలో జన్మించెను. చిన్నతనమందే తలిదండ్రులను పోగొట్టుకొని, బాల్టిమోరులో అమ్మమ్మయొద్ద పెరిగెను. కళాశాల చదువు లేదు. 1889లో ఆ పట్టణపు ధర్మసంఘములో సహాయ కోశాధికారిగా చేరెను.

ఆ దినములలో కలిగినవారు స్నేహభావముతో బీదల యిండ్లను దర్శించుచుండిరి. వారి మనస్సు మంచిదే. కాని సోమరితనమో త్రాగుడో యుండునని తలంచి వెళ్లినవానికి అదే కనబడును. జబ్బు కనబడదు, పని దొరకకపోవుట కనబడదు. వాని ప్రశ్నలును అట్లే యుండును. ఇంటివారు బెదరి సంగతులు దాచుకొందురు. ఆ దాపరికమే వారి తప్పునకు సాక్ష్యమగును. యోబు స్నేహితులు చేసినది ఇదే గదా!

మంచి మనస్సు చాలదు, శిక్షణ కావలెనని ఆమె 1897లో గట్టిగా వాదించెను. మరుసటి వేసవిలోనే న్యూయార్కులో ఆరు వారముల తరగతి ప్రారంభమాయెను. 1917లో ఆమె 'సోషల్ డయాగ్నోసిస్' అను గ్రంథము ప్రకటించెను. బంధువులను, వైద్యులను, ఉపాధ్యాయులను విచారింపవలెననియు, విచారించువాడు తన సొంత ఊహలనుకూడ పరీక్షించుకొనవలెననియు అందు బోధించెను. ఇరుగుపొరుగువారి మాటలను మాత్రము ఆమె అంతగా నమ్మలేదు. పల్లెలో కాపురమున్న మనకు కారణము చెప్పనక్కరలేదు.

కళాశాలలో చదువని ఆమెకు 1921లో స్మిత్ కళాశాలవారు గౌరవ ఎం.ఏ. పట్టమిచ్చిరి. 1928లో ఆమె న్యూయార్కులో మరణించెను.