బిరడా చెక్కతో బతుకు దిద్దుకున్న లౌరి రపాలా

సెలవు రోజు సాయంత్రమైతే గాలం పట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లే అలవాటు గల్ఫ్‌లో మనవాళ్లలో చాలామందికి ఉంది. గోదావరి లంకల నుంచి వచ్చినవాళ్లు, శ్రీకాకుళం తీరం వాళ్లు, కరీంనగర్, నిజామాబాద్ చెరువుల పక్కన పెరిగినవాళ్లు... అందరం రొయ్య ముక్కో, పిండిముద్దో ఎరగా పెట్టి గంటలకొద్దీ కూర్చుంటాం. మా గదిలో ఒకన్న మాత్రం రెండేళ్ల కింద ఒక చెక్క చేప కొన్నాడు. ఎరకు బదులుగా గాలానికి కట్టే చేప బొమ్మ అది. కొన్ననాటి నుంచి డబ్బా విప్పింది లేదు. నీళ్లలో వేస్తే రంగు పోతుందట, ఊళ్లో తమ్ముడికి కొత్తగానే ఇవ్వాలట.

ఆ డబ్బా మీద రపాలా అని ఉంది. అది కంపెనీ పేరనుకున్నాం. తీరా ఆరా తీస్తే ఒక మనిషి పేరు. ఆ మనిషి కూడా మనలాంటి కష్టజీవే. అందుకే ఆయన కథ ఇక్కడ చెప్పుకుంటున్నాం.

పూజారి రాసిన ఇంటిపేరు

లౌరి 1905 నవంబరు 27న ఫిన్లాండ్‌లోని సిస్మా ప్రాంతంలో పుట్టాడు. ఆ దేశం అప్పటికి రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉంది. 1917లో గానీ దానికి స్వాతంత్ర్యం రాలేదు. లౌరి చిన్నతనంలోనే తల్లి అతన్ని వెంటబెట్టుకుని అసిక్కల ప్రాంతానికి వలస వచ్చింది. ఆమె ఇంటిపేరు సారినెన్. చర్చి పుస్తకంలో పేర్లు ఎక్కించే పూజారికి ఆ ఇంటిపేరు గుర్తురాక, పల్లె పేరు రపాలా అని రాసేశాడని చెప్పుకుంటారు. వాళ్ల భాషలో రపా అంటే బురద. పాస్‌పోర్టులో ఇంటిపేరు, ఒంటిపేరు తారుమారై ఆ పేరుతోనే ఏళ్లు గడుపుతున్న మనవాళ్లకు ఈ సంగతి వింతగా ఉండదు.

1928లో ఎల్మాతో పెళ్లయింది. పిల్లలు పుట్టారు. ఇల్లు గడవాలంటే చలికాలంలో అడవికెళ్లి చెట్లు కొట్టే కూలీ, వేసవిలో పైయన్నె సరస్సులో చేపల వేట. పైయన్నె ఆ దేశంలో రెండో పెద్ద సరస్సు. పొడవాటి తాడుకు వరసగా గాలాలు కట్టి నీళ్లలో వదిలేవాడు. వెయ్యి గాలాల దాకా ఉండేవట. ఒక్కో గాలానికి ఒక చిన్న చేపపిల్లను గుచ్చాలి. ముందు ఆ చేపపిల్లల్ని పట్టాలి. అంటే పెద్ద చేపకోసం చేసే కష్టంలో సగం ఎరకే పోయేది.

వంకరగా ఈదే చేపపిల్ల

పడవలో తెడ్డు వేస్తూనే లౌరి నీళ్లలోకి చూస్తూ ఉండేవాడు. అక్కడ పైక్ అనే వేటచేప ఎక్కువ. మన కొరమేను లాగే పొంచి ఉండి మీదపడే రకం. చేపపిల్లల గుంపు ఎదురైతే అది అన్నిటి మీదికీ పోదు. ఆ గుంపులో దెబ్బతిని, పక్కకు ఒరిగి, వంకరగా ఈదే పిల్ల ఒకటుంటే దాన్నే పట్టుకుంటుంది. లౌరికి ఆలోచన తట్టింది. అలా వంకరగా ఈదే బొమ్మ చేపను చేయగలిగితే రోజూ ఎర పట్టే పని ఉండదు కదా.

1936లో మొదటిది తయారైంది. చెక్కడానికి చెప్పులు కుట్టేవాళ్ల కత్తి, నున్న చేయడానికి ఉప్పు కాగితం. ఒంటికి బిరడా చెక్క. చేప పొలుసులా మెరవడానికి చాక్లెట్ చుట్టిన తగరపు కాగితం అతికించాడు. వార్నీషు కొనే స్తోమత లేదు. పాత ఫొటో నెగటివ్‌లు కరిగించి పూతగా పూశాడు. కొన్నది తక్కువ, పారేసినవాటిలోంచి ఏరుకున్నది ఎక్కువ.

ఆ తర్వాత పైన్ చెట్టు బెరడు వాడాడు. ఇంకా తర్వాత బాల్సా అనే దక్షిణ అమెరికా కలపకు మారాడు. అది మన జీలుగు బెండులా చాలా తేలిక. తేలికైన చెక్కకే ఆ ఒణుకు బాగా వస్తుంది. మూతి కింద చిన్న పెదవిలాంటి రేకు ఉంటుంది. దారం లాగినప్పుడు నీళ్లు ఆ రేకును ఒత్తుతాయి. దాంతో బొమ్మ కిందికి మునిగి, అటూ ఇటూ ఊగుతూ వస్తుంది. ఒంటి లోపల ఒక తీగ తల నుంచి తోక దాకా పోతుంది. గాలాలు ఆ తీగకే తగిలి ఉంటాయి గనక చెక్క విరిగినా పట్టిన చేప పోదు. చేసిన ప్రతిదాన్నీ లౌరి నీళ్లలో లాగి చూసేవాడు. నడక సరిగా లేకపోతే మూతి దగ్గరి కొక్కేన్ని కొంచెం వంచి సరిచేసేవాడు. నీళ్లలో పరీక్ష నెగ్గితేనే అది చేప, లేదంటే ఉత్త చెక్క ముక్కే.

అద్దెకిచ్చిన ఎర

అతని పడవలో చేపలు పెరగడం చూసి ఇరుగుపొరుగువాళ్లు తమకూ చేసివ్వమన్నారు. మధ్యలో యుద్ధం వచ్చింది, లౌరి సైన్యంలోకి వెళ్లాడు. తిరిగొచ్చాక కొడుకులు కూడా పనిలో చేరారు. 1952లో హెల్సింకిలో ఒలింపిక్స్ జరిగినప్పుడు వచ్చిన విదేశీయులు కొందరు ఈ బొమ్మల్ని వెంట తీసుకెళ్లారు.

1959లో అమెరికాలోని మినియాపొలిస్‌కు చెందిన రాన్ వెబర్, రే ఆస్ట్రమ్ అనే ఇద్దరు దీని పనితనం చూసి తెప్పించుకుని అమ్మడం మొదలుపెట్టారు. సరుకు చాలక కొన్ని దుకాణాలవాళ్లు ఒక్కో ఎరను రోజు అద్దెకు ఇచ్చేవాళ్లట. 1962 ఆగస్టు 17 నాటి లైఫ్ పత్రికలో దీని మీద వ్యాసం వచ్చింది. అదే సంచికలో, ఆ నెలలోనే చనిపోయిన సినీతార మార్లిన్ మన్రో మీద కథనం ఉంది. ఆమె కోసం జనం ఎగబడి కొన్నారు, ఆ పక్కనే లౌరి చేపనూ చూశారు. లక్షల్లో ఆర్డర్లు వచ్చిపడ్డాయి. చేతితో చెక్కే ఇంటి పని చాలక యంత్రాలు, ఫ్యాక్టరీ వచ్చాయి. అయినా ఒక్కోదాన్నీ నీటి తొట్టిలో ఈదించి చూడందే డబ్బాలో పెట్టే పద్ధతి లేదు.

1974 అక్టోబరు 20న, 68 ఏళ్ల వయసులో లౌరి కన్నుమూశాడు. ఆ తర్వాత, 2000లో ఆ కంపెనీ గాలాలు చేసే ఒక ఫ్రెంచి సంస్థతో కలిసింది.

దాచాలా, వాడాలా?

లౌరి పోయిన రెండేళ్లకే, 1976లో, అమెరికాలో పాత ఎరలు సేకరించేవాళ్లు ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. వాళ్ల లెక్క వేరు. రంగు చెక్కుచెదరకూడదు, గాలాలు మొదటివే అయి ఉండాలి, డబ్బా ఉండాలి, లోపలి కాగితం ఉంటే ఇంకా మంచిది. చేప పళ్ల గుర్తు పడితే ధర పడిపోతుంది. 1859లో పేటెంటు పొందిన హాస్కెల్ అనే ఆయన చేసిన రాగి చేప ఒకటి 2003లో వేలంలో 1,01,200 డాలర్లు పలికింది.

దాచేవాళ్లను తప్పుపట్టలేం. పాతది ఎవరూ దాచకపోతే బిరడా చెక్క, బెరడు, తగరపు కాగితం కథ రేపటివాళ్లకు తెలియదు. బాల్సా మెత్తన, పైక్ పళ్లు దిగితే రంధ్రాల్లోంచి నీరు ఎక్కుతుంది, రంగు లేస్తుంది. లౌరి స్వయంగా చెక్కిన ఎర ఇవాళ ఎవరికైనా దొరికితే దాన్ని నీళ్లలో వేయమని మేమూ చెప్పం. కానీ దుకాణంలో నిన్నగాక మొన్న కొన్నదాని సంగతి వేరు. పళ్ల గాట్లు పడటానికే కదా లౌరి దాన్ని చేసింది.

అసలు మన గదుల్లో ఈ జబ్బు ఎవరికి లేదు? కొత్త దుప్పటి, సెంటు సీసా, టార్చిలైటు అన్నీ కార్టన్‌లో కట్టి మంచం కింద పెడతాం. ఊరెళ్లేసరికి సెంటు ఆరిపోతుంది, టార్చి బ్యాటరీ కారిపోతుంది.

ఈ కథంతా విన్నాక మా గది అన్న పోయిన సెలవు రోజున డబ్బా విప్పాడు. చేప పడలేదు. రాళ్లకు తగిలి బొమ్మ వీపు మీద ఒక గీత పడింది. ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి భయంభయంగానే చెప్పాడు. తమ్ముడు గీత గురించి అడగలేదు. నీళ్లలో ఎట్లా ఈదిందో చెప్పమన్నాడు.