సిలికాన్ ముక్కలో యాంప్లిఫయర్‌ను ఇమిడ్చిన బాబ్ విడ్లర్

సైన్స్ ఫెయిర్ దగ్గరపడితే పిల్లలు ఎలక్ట్రానిక్స్ షాపులో ఎల్‌ఎం386 అనే ఎనిమిది కాళ్ల ఐసీ కొనుక్కొస్తుంటారు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, రెండు మూడు కెపాసిటర్లు, చిన్న స్పీకరు కలిపితే ఫోన్‌లోని పాట గదిలో అందరికీ వినిపిస్తుంది. ఆ ఐసీ విడ్లర్ చేసింది కాదు. కానీ ఒక యాంప్లిఫయర్ మొత్తాన్ని సిలికాన్ ముక్కలో ఇమిడ్చే పద్ధతిని నేర్పినవారిలో ఆయన పేరు ముందుంటుంది. అందుకే ఈ వారం ఆయన గురించి చెప్పుకుందాం.

రాబర్ట్ జాన్ విడ్లర్ 1937 నవంబరు 30న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టారు. తల్లి చెక్ దేశం నుంచి వలసవచ్చిన కుటుంబంలోని పిల్ల. తండ్రి రేడియో స్టేషన్‌లో ఇంజనీరు, ఆ విద్యను సొంతంగా నేర్చుకున్న మనిషి. ఇంట్లో రేడియో సామాను మధ్య పెరిగిన విడ్లర్, పదిహేనేళ్లకే ఇరుగుపొరుగువాళ్ల రేడియోలు, టీవీలు బాగుచేసేవారు.

1958లో వైమానిక దళంలో చేరి, అక్కడి సిబ్బందికి ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పారు. సెమికండక్టర్ల మీద తన మొదటి పుస్తకం రాసింది ఆ ఉద్యోగంలో ఉండగానే. 1961లో బయటికొచ్చి, ఒకపక్క ఉద్యోగం చేస్తూనే కొలరాడో విశ్వవిద్యాలయంలో చదివి 1963లో డిగ్రీ పూర్తిచేశారు. అదే ఏడాది కాలిఫోర్నియాలోని ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో చేరారు.

ఐసీలు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. యాంప్లిఫయర్ అంటే విడివిడి ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లు కలిపి అతికించిన చిన్న పెట్టె. దాన్ని ఉన్నదున్నట్టు సిలికాన్ మీదికి ఎక్కించాలని చూస్తే కుదరదు. సిలికాన్ మీద పెద్ద రెసిస్టర్ చాలా చోటు తింటుంది. దాని విలువ కూడా అనుకున్నంత కచ్చితంగా రాదు. ట్రాన్సిస్టర్ అయితే తక్కువ చోటు తీసుకుంటుంది. పైగా పక్కపక్కన తయారైన రెండు ట్రాన్సిస్టర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, వేడెక్కినా కలిసే వేడెక్కుతాయి.

విడ్లర్ దీన్నే పట్టుకున్నారు. రెసిస్టర్లను తగ్గించి, వాటి పని ట్రాన్సిస్టర్లకు అప్పగించారు. విడి విలువల మీద కాక, భాగాల మధ్య పోలిక మీద ఆధారపడే సర్క్యూట్లు గీశారు. చిన్న రెసిస్టరుతోనే అతి తక్కువ కరెంటును స్థిరంగా ఇచ్చే అమరికను ఇప్పటికీ ఇంజనీరింగ్ పుస్తకాల్లో విడ్లర్ కరెంట్ సోర్స్ అనే పిలుస్తారు. ఆయన గీసినదాన్ని సిలికాన్ మీద తయారుచేసి చూపిన తోడు డేవిడ్ టాల్బర్ట్. ఇద్దరూ కలిసి 1964లో µఏ702, 1965లో µఏ709 అనే ఆపరేషనల్ యాంప్లిఫయర్లు తెచ్చారు.

709 బాగా అమ్ముడుపోయింది. లోపాలూ ఉన్నాయి. ఔట్‌పుట్ షార్ట్ అయితే కాలిపోయేది. నిలకడగా పనిచేయాలంటే బయట కొన్ని భాగాలు కలపాల్సి వచ్చేది. విడ్లర్, టాల్బర్ట్ నేషనల్ సెమికండక్టర్‌కు మారాక, 1967లో వచ్చిన ఎల్‌ఎం101లో విడ్లర్ ఆ లోపాలను సరిదిద్దారు. షార్ట్ అయినా అది తట్టుకునేది, బయట ఒక్క చిన్న కెపాసిటర్ ఉంటే చాలు. మరుసటి ఏడాది ఫెయిర్‌చైల్డ్‌లో డేవ్ ఫుల్లగర్ ఆ కెపాసిటర్‌ను కూడా లోపలే పెట్టి 741ని తెచ్చారు. మన కాలేజీ ల్యాబుల్లో నేటికీ కనిపించేది అదే. అయిదు వోల్టులు స్థిరంగా ఇచ్చే మూడు కాళ్ల ఎల్‌ఎం109 కూడా విడ్లర్ చేసిందే. పిల్లలు వాడే 7805కి అది ముందుతరం.

విడ్లర్ విపరీతంగా తాగేవారు. కోపమూ, పంతమూ ఎక్కువే. కంపెనీ ఖర్చులు తగ్గించుకోవడానికి పచ్చిక కోయించడం మానేస్తే, ఒక గొర్రెను తెచ్చి ఆఫీసు ముందు మేపిన మనిషి. ఆ గొర్రె కథ చెబితే పిల్లలు నవ్వుతారు. తాగుడు సంగతి కూడా వాళ్ల దగ్గర దాచనక్కర్లేదని మేమనుకుంటాం. తెలివి ఉన్నంత మాత్రాన మనిషికి అన్నీ చక్కబడవని పెద్ద తరగతుల పిల్లలకు తెలియాలి.

1970 చివర్లో, ముప్ఫై మూడేళ్లకే ఉద్యోగం మానేసి మెక్సికోలోని పుయెర్తో వయార్తాకు వెళ్లిపోయారు. అయినా పని పూర్తిగా వదల్లేదు. కొన్నేళ్లకు సలహాదారుగా తిరిగొచ్చి, ఒక వోల్టు పైచిలుకుతోనే పనిచేసే ఎల్‌ఎం10 చేసిపెట్టారు. 1981లో లీనియర్ టెక్నాలజీ స్థాపకుల్లో ఒకరయ్యారు. 1991 ఫిబ్రవరి 27న పుయెర్తో వయార్తాలో గుండెపోటుతో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 53.

ఉపాధ్యాయులకు ఒక మాట. ట్రాన్సిస్టర్ పాఠం చెప్పాక, రెసిస్టర్ ఖరీదై ట్రాన్సిస్టర్ చవకైతే ఈ సర్క్యూట్‌ను ఎలా మారుస్తారని పిల్లల్ని అడిగి చూడండి. జవాబు పుస్తకంలో దొరకదు కాబట్టి వాళ్లే ఆలోచించాలి. విడ్లర్ ముందు నిలిచిన ప్రశ్న కూడా అదే.